యాసిడ్ షెడ్డులో నవ్వు మొఖాలు

పోయిన నెల వనపర్తిలో మా ఆదివారం చర్చా సభకు ఒక వక్త వచ్చాడు. బాగా మాట్లాడాడు. జనం ఆలోచించడం మానేశారన్నాడు. చదువుకున్నవాళ్లకు ప్రశ్నించే తెగువ పోయిందన్నాడు. పల్లెల్లో మూఢత్వం రెట్టింపయిందన్నాడు. ఒక్కో మాటకూ చప్పట్లు పడ్డాయి. నేను మాత్రం ఒక్కో మాటకూ మూడో వరుస చివరి కుర్చీ వైపు చూశాను. ఎవరో అందులో గొడుగూ సంచీ పెట్టుకున్నారు. "ఎట్ల తెలిసింది సార్?" అని అడగడానికి ఎవరూ లేవలేదు. వందన సమర్పణ జరిగింది, సభ ముగిసింది. ప్రశ్నించమని చెప్పే సభ ఒక్క ప్రశ్న లేకుండా ముగిసిపోతే దాన్ని భజన అనక మరేమనాలి?

ఆ కుర్చీ మనిషి పోయి ఏడాది దాటింది.

ఆయన పేరు రాయడం లేదు. రాస్తే ఒప్పుకునేవాడు కాదు. సభలో ఎవరైనా "ఫలానా మహానుభావుడు ఇలా అన్నారు" అని మొదలుపెడితే చాలు, "పేరు పక్కకు పెట్టుండ్రి. అన్నది నిజమా కాదా చెప్పుండ్రి" అనేవాడు. నాగర్‌కర్నూల్‌లో ఒక దర్జీ ఇంట్లో పుట్టాడు. గద్వాల దగ్గర ఒక పత్తి విత్తనాల ప్లాంటులో సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసరుగా పనిచేసేవాడు. ప్లాంటులో అందరికీ సార్. మాకు భాయ్. ఆయన గురించి ఇంతకుమించి తెలియనక్కర్లేదు.

తెలియవలసినది ఆయన అడిగే తీరు. ప్రశ్న వేసే ముందు కళ్లజోడు తీసి, మడిచి, పిడికిట్లో పట్టుకునేవాడు. అద్దాలు లేకపోతే ఆయనకు ఎదుటి మనిషి మసకగా కనిపించేవాడు. ఎందుకిలా అని ఒకసారి అడిగాను. "మొఖం కనబడితె మొఖానికి తగ్గట్టు అడుగుత సార్. కోపం కనబడితె ప్రశ్న మెత్తగైతది. నవ్వు కనబడితె నేను గుడ నవ్వుత. అప్పుడు అడిగినట్టెట్లైతది?" అన్నాడు.

చాయ్ దుకాణంలోనూ ఇదే వరస. "నిన్నటికంటె ఇయ్యాల చాయ్ ఎట్లున్నదనుకుంటున్నవ్?" అని చాయ్ కాచేవాడినే అడిగేవాడు. తాగినవాళ్లను కదా అడగాలి అంటే, "వాళ్లను రోజు అడుగుతనే ఉన్న. వీణ్ణి ఎవరు అడిగిండ్రు?" అనేవాడు. చాయ్ కాచేవాడు మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత ఆయన రాగానే తానే చెప్పడం మొదలుపెట్టాడు. "ఇయ్యాల పాలు పల్సగున్నయి భాయ్, తాగి తిట్టుకోకు."

తాయెత్తుల సంగతి మా సభలో ఇప్పటికీ చెప్పుకుంటారు. తిమ్మాజిపేట దిక్కు ఒక ఊళ్లో తాయెత్తులు కట్టేవాడు ఉండేవాడు. బుధవారం వస్తే వాకిలి నిండేది. ఆ జనం అజ్ఞానం మీద నేనే ఒక ఆదివారం నిప్పులు చెరిగాను. కళ్లజోడు తీసి ఆయన లేచాడు. "ఎంతమందిని అడిగిండ్రు సార్?" సభంతా నవ్వింది. అడగవలసిన అవసరమేముంది, కళ్లకు కనిపిస్తూనే ఉంది కదా అన్నాను. ఆ బుధవారం ఆయన సెలవు పెట్టి వెళ్లి ఆ వాకిట్లో కూర్చున్నాడు. మళ్లీ ఆదివారం వచ్చి చెప్పాడు. "సగానికి ఎక్కువ మంది నమ్మి రాలే సార్, తోలితె వచ్చిండ్రు. ఒకామెను అత్త తోలింది. ఒకాయనను పెండ్లాం తోలింది. 'కట్టించుకోకుంటె ఇంట్ల బువ్వ పెట్టరు సార్' అంటుండు. మీరు తాయెత్తు మీద మాట్లాడుతుండ్రు. మాట్లాడవలసింది ఇంట్ల పెత్తనం మీద." ఆ రోజు నుంచి నా ఉపన్యాసం మారింది.

ఇలాంటి మనిషి చివరి రెండేళ్లు సభకు వచ్చాడు, కూర్చున్నాడు, నోరు విప్పకుండా వెళ్లాడు. షుగరు ముదిరిందన్నారు కొందరు. చెవులు మందగించాయన్నారు ఇంకొందరు. ఆయన చెవులు చివరి దాకా పాము చెవులే.

ఆ మౌనం ఎక్కడ మొదలైందో నాకు తెలుసు.

హైదరాబాదులోని వాళ్ల పెద్దాఫీసు ఒక సర్వే మొదలుపెట్టింది. పనిచేసేవాళ్ల మనసు పనిలో ఉందో లేదో కొలిచే సర్వే. నెలకొకసారి, ఫోన్‌లో, అయిదే ప్రశ్నలు. ఈ సంస్థలో పనిచేస్తున్నానని గర్వంగా చెప్పుకుంటారా? మీ మాట వినేవాళ్లు ఇక్కడ ఉన్నారా? మీ బంధువులకు ఇక్కడ పని చేయమని చెబుతారా? ఇలాంటివి. చదువు రానివాళ్లకు ప్రశ్న వినిపిస్తుంది. జవాబుగా అయిదు మొఖాలు ఉంటాయి. ఏడ్చే ఎర్ర మొఖం నుంచి నవ్వే ఆకుపచ్చ మొఖం దాకా ఏదో ఒకటి నొక్కాలి. ఎవరు ఏది నొక్కారో పైవాళ్లకు కనిపించదు. విభాగానికింత అని మార్కులు మాత్రం వస్తాయి.

ఆయన ఎంత సంబరపడ్డాడో చెప్పలేను. "చూసిండ్రా సార్? అడుగుతుండ్రు. ఇన్నేండ్లకు కూలోళ్లను గుడ అడుగుతుండ్రు."

నేను ఒప్పుకోలేదు. "కూలి ఇచ్చేవాడు అడిగేది ప్రశ్న కాదు భాయ్, పరీక్ష. పరీక్షలో అందరూ పాసయ్యే జవాబే రాస్తారు."

"అయితె అడగకుండ తెలుసుకునే తొవ్వ చెప్పుండ్రి. సోది చెప్పించుకుందమా?"

ఆయన సంబరానికి ఇంకో కారణం కూడా ఉంది. పత్తి గింజను విత్తనంగా అమ్మాలంటే దానికి అంటుకున్న నూగు పోవాలి. యాసిడ్‌తో తీస్తారు. ఆ షెడ్డులో గాలి గొంతులో గుచ్చుకుంటుంది, కళ్లు మండుతాయి. అందులో ధరూర్ మండలంలోని ఒక ఊరి ఆడవాళ్ల గుంపు పనిచేసేది. గాలిని బయటికి లాగే పెద్ద ఫ్యాన్లు పెట్టమని ఆయన ఎన్నిసార్లు రాసినా పైనుంచి ఒకటే జవాబు. ఆధారాలు పంపండి. ఇప్పుడు ఆ ఆడవాళ్ల నోటి నుంచే ఆధారం వస్తుందని ఆయన ఆశ.

మార్కులు వచ్చాయి. కంపెనీకి ఉన్న ప్లాంట్లన్నిటిలో, విభాగాలన్నిటిలో, అందరికంటే సంతోషంగా ఉన్నది ఆ యాసిడ్ షెడ్డే.

పెద్దాఫీసు ఒక షీల్డు, ఒక కేకు పంపింది. లోపల ఊపిరాడదని కేకును షెడ్డు గడప బయట కోశారు. ఆడవాళ్లు ముక్కుకు కట్టుకున్న కొంగులు విప్పి తలా ఒక ముక్క తిన్నారు. తింటూ దగ్గారు. హైదరాబాదుకు పంపడానికి ఒకతను ఫోటో తీశాడు. దగ్గు ఆగేదాకా రెండుసార్లు తీయవలసి వచ్చిందట. ఇది నాకు చెబుతూ ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

"ఎట్ల తెలిసింది అని అందరిని అడుగుతుంటి గద సార్. ఇప్పుడు నన్ను నేను అడుక్కోవాలె" అన్నాడు.

తర్వాతి నెల సర్వే రోజు ఆయన షెడ్డు దగ్గర నిలబడి చూశాడు. గుంపుకు ఒక మేస్త్రి ఉండేది. యాభై దాటిన మనిషి, అందరికీ అత్త. ఫోన్ ఆమె చేతిలో ఉంది. పేరు తర్వాత పేరు తీస్తూ ఆకుపచ్చ మొఖాలు నొక్కుకుంటూ పోతోంది. ప్రశ్న సగం కూడా పలకనివ్వడం లేదు. మిగతావాళ్లు గంపలు ఎత్తుకుంటున్నారు.

"ఏందమ్మా ఇది? అందరివి నువ్వే నొక్కుతున్నవా?"

"నేనే నొక్కుత సార్. హాజరు నేను చెప్త. కూలి నేను తెస్త. ఎవరికన్న జెరమొస్తె దవాఖానకు నేను తీస్కపోత. ఇదొక్కటి ఇంకొకరు నొక్కుతరా?"

"ఇది హాజరు కాదమ్మా. ఎవరి మనసుల ఏమున్నదో వాళ్లే చెప్పాలె."

"గుంపుకు ఒక్కటే నోరు సార్. ఇంతమందిమి తలా ఒక నోరు తెరిస్తె మాకు గేటెవరు తెరుస్తరు?"

వెనక నుంచి ఒక కోడలు పిల్ల అందుకుంది. "మా అత్త నోరు ఇంతమందికి సరిపోతది తియ్యి సార్." గుంపంతా నవ్వింది. మేస్త్రి కూడా నవ్వింది.

పాలమూరులో గుంపు కట్టి పనికి పోవడం తాతలనాటి పద్ధతి. కాలువలు తవ్వినా, కట్టలు పోసినా మాట్లాడేది మేస్త్రి, మిగతావాళ్లది పని. ఒంటరి కూలిని మోసం చేసినంత సులువుగా గుంపును మోసం చేయలేరు. ఆ రక్షణకు చెల్లించే వెల, ఎవరి నోరు వాళ్లకు లేకపోవడం. హైదరాబాదులో ఏసీ గదిలో ప్రశ్నలు రాసినవాళ్లకు ఇది తెలియదు. బంధువులను పనికి తెస్తారా అని అడిగారు కదా, ఆ గుంపులో బంధువు కానిది ఎవరు? అక్క ఒక గంప దగ్గర, చెల్లె ఒక గంప దగ్గర. ఆ ప్రశ్నకు నవ్వు మొఖమే వస్తుంది. ఆ నవ్వును కంపెనీ తన మీద ప్రేమ అనుకుంది.

ఆయన అక్కడితో ఆగి ఉండవచ్చు. ఆగలేదు. ఒక్కొక్కరు వేరుగా వచ్చి, కాటా గదిలో తలుపు వేసుకుని, తామే నొక్కాలని పట్టుబట్టాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. చివరికి ఒక షరతు పెట్టింది. అందరి ముందు ఒట్టు వేయాలి. "నీ బిడ్డల మీద ఒట్టెయ్యి సార్, మాకేం కాదని."

"ఒట్టు వెయ్యనమ్మా. బిడ్డలను మధ్యలకు ఎందుకు తేవాలె? నా మాట ఉన్నది. మీకేమన్న అయితె నాది జిమ్మా."

జిమ్మా అంటే పూచీ. మా వైపు ఆ మాటను ఊరికే వాడరు. మేస్త్రి ఆయన మొఖం చాలాసేపు చూసిందట. కళ్లజోడు చేతిలో ఉన్నందువల్ల ఆమె మొఖంలో ఏముందో ఆయనకు కనబడలేదు.

ప్లాంటులో ఆ సర్వే నడిపేది తానే కాబట్టి, అయిదు ప్రశ్నల కింద ఆయన తన సొంత ప్రశ్న ఒకటి చేర్చాడు. ఈ షెడ్డులోకి నీ బిడ్డను పనికి తెస్తావా?

ఒక్కొక్కరూ కాటా గదిలోకి వెళ్లి వచ్చారు. ఫోన్ ఎలా నొక్కాలో చూపడానికి ఆయన లోపలే ఉన్నాడు. ఒకామె ఫోన్ పట్టుకుని ఎర్ర మొఖం నొక్కింది. మళ్లీ నొక్కింది. మళ్లీ మళ్లీ నొక్కుతూనే ఉంది. "ఒక్కసారి చాలమ్మా, ఎక్కింది" అన్నాడట ఈయన. "నాకు చాలలే సార్" అన్నదట ఆమె.

ఆ ఆదివారం సభ అయ్యాక ఆయన మమ్మల్ని కదలనివ్వలేదు. బిడ్డ ప్రశ్నకు గుంపులో ఒక్కరు కూడా ఆకుపచ్చ నొక్కలేదు. "ఇప్పుడు తెలిసింది సార్. ఇన్నేండ్లకు తెలిసింది. ఇగ ఫ్యాన్లు ఎట్ల పెట్టరో చూస్త." నన్ను చూసి నవ్వాడు. "పరీక్ష అంటిరి గద. ఇప్పుడేమంటరు?"

నేను ఓడిపోయాననే అనుకున్నాను. ఓడిపోవాలనే కోరుకున్నాను.

హైదరాబాదు నుంచి జవాబు వారంలోనే వచ్చింది. ఆ విభాగంలో అసంతృప్తి ఎక్కువగా ఉన్నట్టు తేలినందున ప్రస్తుత గుంపును ఆపేసి వేరే గుంపును పెట్టుకోవాలి. సర్వేలో అనుమతి లేని ప్రశ్నలు చేర్చరాదు. ఫ్యాన్ల ఊసు లేదు.

ఆయన బస్సెక్కి హైదరాబాదు వెళ్లాడు. ఎవరూ కసురుకోలేదట. మంచినీళ్లిచ్చారు, చాయ్ ఇచ్చారు. ఒక పెద్దమనిషి ఓపికగా వివరించాడు. "వాళ్లు సంతోషంగా లేరని మీరే కదా చెప్పారు? సంతోషంగా లేనివాళ్లను బలవంతంగా ఉంచుకోవడం న్యాయమా? వాళ్ల మేలు కోరే కదా ఈ నిర్ణయం."

ఈ వాక్యాన్ని నేను చాలాసార్లు తిప్పి చూశాను. ఇందులో తర్కదోషం పట్టుకోవడం తేలిక. రోగం చెప్పుకున్నవాడిని ఊరు దాటించి, ఊళ్లో రోగాలే లేవని చాటింపు వేయడం ఇది. మేం మంత్రగాళ్ల మీద, సోది చెప్పేవాళ్ల మీద ఊరూరా తిరిగి మాట్లాడాం. కానీ అంకెలు, రంగులు, పట్టికలు వేసుకుని వచ్చే మంత్రగాడిని గుర్తుపట్టడం మాకు చేతకాలేదు. పాత మంత్రగాడు జనం భయాన్ని వాడుకునేవాడు. ఇతడు జనం చెప్పిన నిజాన్ని వాడుకుంటాడు. కింది నుంచి పైకి వేసే ప్రశ్న మనిషిని లేపి నిలబెడుతుంది. పై నుంచి కిందికి దిగే ప్రశ్న, అడిగినవాడి చేతిలో గేటు తాళం ఉన్నంత కాలం, ఎంత తియ్యగా ఉన్నా సోదా చేయడమే. ఇంత స్పష్టంగా ఇవాళ రాయగలుగుతున్నాను. కానీ తర్కంలో ఎవరు గెలిచినా ఇరవై ఇండ్ల పొయ్యి ఆరింది.

రాజీనామా రాసి జేబులో పెట్టుకుని ఆయన ఆ ఊరికి వెళ్లాడు. మేస్త్రి ఆయనను తిట్టలేదు, మంచం వాల్చింది. రాజీనామా సంగతి వినగానే మాత్రం కోపం చేసింది. "మీరు గుడ పోతె మాకు పనెవరు చూపిస్తరు సార్? మీ కడుపుమంట మీరు తీర్చుకుంటరు, మాదెట్ల? జిమ్మా అంటిరి గద."

ఆయన రాజీనామా ఇవ్వలేదు. గుంపు కోసం ప్లాంట్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. మొదట వెళ్లిన చోట, గుంపు ఎందుకు మానిందని అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఫ్యాన్లు, సర్వే, బిడ్డ ప్రశ్న, అన్నీ. వాళ్లు శ్రద్ధగా విన్నారు. కబురు చేస్తామన్నారు. చేయలేదు.

ఈ సంగతి తెలిసి మేస్త్రి ఆయనకు ఫోన్ చేసింది. "సార్, మీకు దండం పెడ్త. మా గురించి నిజం చెప్పకుండ్రి. పెండ్లికి పోయిండ్రు, అందుకే పని ఆగిందని చెప్పుండ్రి."

రెండో ప్లాంటుకు నన్ను వెంట రమ్మన్నాడు. "మీరు మాట్లాడేటోళ్లు సార్. జర పక్కన ఉండుండ్రి." శివరాత్రి దాటింది, ఎండలు ముదురుతున్నాయి. పని దొరికితే అప్పటికప్పుడే దిగుదామని గుంపంతా ట్రాలీ ఆటోలో వచ్చింది. గేటు బయట గోడ నీడన కూర్చున్నారు.

లోపల మేనేజరు రేకుల వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మమ్మల్ని కూర్చోమన్నాడు.

"ఎందుకు మానిండ్రు ఆడ?"

"పెండ్లికి పోయిండ్రు" అన్నాడు ఈయన.

కళ్లజోడు కళ్లకే ఉంది. గొంతు తడబడలేదు. పక్కన కూర్చున్న నేను తల దించుకున్నాను. ఒట్టు వేయమంటే వేయని మనిషి అబద్ధమాడడం అదే మొదటిసారి చూశాను. అది తప్పని ఇప్పటికీ అనలేను. ఒప్పని కూడా అనలేను.

"పని ఎట్ల చేస్తరు?"

"మంచిగ చేస్తరు. ఆడ యాసిడ్ షెడ్డుల చేసిండ్రు."

"అది కాదు సార్. ఇప్పుడు కూలోళ్లు అది కావాలె, ఇది కావాలె అని బాగ అడుగుతుండ్రు. వీళ్లెట్ల?"

కాటా గదిలో "నాకు చాలలే" అన్న ఆ ఆడమనిషి ఆయన మనసులో మెదిలిందో, ఇంకెవరు మెదిలారో నాకు తెలియదు.

"అడగరు" అన్నాడు. "వీళ్లు ఏమడగరు."

మేనేజరు లేచాడు. "యాసిడ్ల చేసిన అలవాటు ఉన్నదంటుండ్రు గద, ఆడనే పెడ్త. ఇయ్యాల్నే దిగమనుండ్రి."

బయటికి వచ్చాం. నీడలో కూర్చున్నవాళ్లందరూ ఒక్కసారి లేచారు. దొరికిందని చెప్పాడు. మేస్త్రి మొఖం విప్పారింది. "నీ కడుపు సల్లగుండ" అన్నది.

"ఏ షెడ్డు సార్?"

"అదే, అమ్మా."

"కానియ్యి" అని ఆమె వెనక్కి తిరిగింది. "లేవుండ్రి, నడువుండ్రి." ఆడవాళ్లు కొంగులు ముక్కుల మీదుగా బిగించి వెనక ముడి వేసుకున్నారు. ఒకరి ముడి ఒకరు సరిచూసుకున్నారు. ఒకరి వెనక ఒకరు గేటులోంచి లోపలికి పోయారు. కాపలావాడు గేటు మూశాడు.

మేమిద్దరం రోడ్డు దాకా నడిచాం. గద్వాల బస్సు దూరంగా వస్తోంది. ఆయన దాన్ని ఆపడానికి చెయ్యి ఎత్తి, సగంలో దించేశాడు. బస్సు వెళ్లిపోయింది.

"ఆ షెడ్డుల ఫ్యాన్లున్నయో లేవో నేను అడగలే సార్" అన్నాడు.